క్లోమానికి 12 గంటలే టైమ్.. నెల్లూరు నుంచి చెన్నైకి మూడున్నర గంటలే.. మరి అసలు చిక్కు ఎక్కడ?

గుండె తరలింపునకు గ్రీన్ ఛానల్ అంటూ వార్తలు చూస్తూనే ఉంటాం. మరి క్లోమం, అంటే పాంక్రియాస్ దానం గురించి ఎప్పుడైనా విన్నారా? టైప్-1 షుగర్‌తో కిడ్నీలు కూడా పాడైనవారికి ఈ రెండూ కలిపి మారిస్తే.. డయాలసిస్, ఇన్సులిన్ రెండింటి నుంచీ బయటపడే అవకాశం ఉంటుంది.

క్లోమం ఎందుకంత సున్నితం?

అరుగుదల రసాలు తయారయ్యేది ఇందులోనే. రక్తం ఆగి కణాలు దెబ్బతింటే ఆ రసాలే క్లోమాన్ని తినేయడం మొదలుపెడతాయి. అందుకే ఐస్‌లో పెట్టినా 12 గంటల్లోపే అమర్చాలని డాక్టర్లు చూస్తారు. కిడ్నీ అయితే 24 గంటలు దాటినా ఆగుతుంది.

కొత్తగా ఏం వచ్చింది?

1980ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ తయారుచేసిన ద్రావణమే ఇప్పటికీ పెద్ద ఆధారం. ఇప్పుడు అవయవంలోకి ద్రవాన్ని పంపుతూ నిల్వ ఉంచే మెషీన్లు వచ్చాయి. లివర్, కిడ్నీలకు బాగానే పనిచేస్తున్నాయి. క్లోమం దగ్గరే ఇబ్బంది. ప్రెజర్ కాస్త పెరిగినా ఉబ్బిపోతుంది. అందుకే ఇది ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. 2022లో మిన్నెసోటా పరిశోధకులు ఇన్సులిన్ తయారుచేసే కణాలను గడ్డకట్టించి 9 నెలలు నిల్వ చేశారు. అయితే అవి కణాలే, పూర్తి అవయవం కాదు.

మరి మన నెల్లూరు సంగతి?

చెన్నై 175 కిలోమీటర్లే. కానీ రూల్ ప్రకారం ముందు జీవన్‌దాన్‌లోని మన రాష్ట్ర జాబితా చూడాలి. ఇక్కడ సరిపోయే పేషెంట్ లేకపోతేనే పక్క రాష్ట్రానికి. ఒకవేళ ఆ పేషెంట్ విశాఖలో ఉంటే? దాదాపు 600 కిలోమీటర్లు. నెల్లూరులో ఎయిర్‌పోర్టు కూడా లేదు. పైగా ఆ 12 గంటల్లో ప్రయాణం ఒక్కటే కాదు.. క్లోమాన్ని శుభ్రంచేసి సిద్ధం చేయడం, ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలపడం కూడా అందులోనే.

ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది. టైమ్ లెక్క మొదలయ్యేది అవయవానికి రక్తం ఆగాకే. బ్రెయిన్ డెడ్ నిర్ధారణకు చట్టం ప్రకారం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేస్తారు. కుటుంబం ఒప్పుకున్నాక అవయవాలు తీసేలోపే పేషెంట్ ఎవరో తేల్చేస్తే, ఆపరేషన్ టీమ్ సిద్ధంగా ఉంటే.. విలువైన గంటలు మిగులుతాయి. మెషీన్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. అది వచ్చాక కూడా ఈ తయారీ లేకపోతే, అది ఇచ్చే అదనపు గంటలు ఫోన్లకే సరిపోతాయి!