సంతకాల కమిటీలు ఇక చాలు

బడి నడకపై తల్లిదండ్రులకు చట్టం ఇచ్చిన అధికారాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ సంతకం దగ్గరే ఆపేశాయి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం ముప్పాతిక మంది అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులే కావాలి. సగం మంది మహిళలుండాలి. బడి పనితీరును కనిపెట్టి చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, నిధులు ఎటు పోతున్నాయో ఆరా తీయడం వారి పని. పదిహేనేళ్లు దాటాక కూడా చాలా ఊళ్లలో ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కమిటీ చేతికి రాలేదు. దీన్ని అమలులో లోపమని సరిపెట్టుకోవడానికి మేము సిద్ధంగా లేము. ప్రభుత్వాలు తెలిసే చేస్తున్న పని ఇది.

తీర్మానం ఎలా పుడుతుందో చూడండి. మండల కార్యాలయం నుంచి హెడ్మాస్టరు ఫోనుకు మెసేజ్ వస్తుంది, సాయంత్రంలోగా కమిటీ తీర్మానం ఫొటో అప్‌లోడ్ చేయాలని. ఏం రాయాలో కూడా ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. ఆ వేళకు కమిటీ చైర్మన్ మిరప కోతలో ఉంటుంది, మిగతా తల్లులు ఉపాధి పనిలో ఉంటారు. ఐదో తరగతి పిల్లవాడి చేతికి తీర్మానాల పుస్తకం ఇచ్చి పంపుతారు. చైర్మన్ ఎర్రబారిన చేతులు కొంగుకు తుడుచుకుని, గట్టు మీదే కూర్చుని, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తుంది. పైన పేజీ ఖాళీ. అందులో ఏం రాయబోతున్నారని ఆమె అడగదు, చెప్పగలిగే వయసు ఆ పిల్లవాడిది కాదు. మర్నాడు ఆ పేజీ, ‘కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది’ అన్న వాక్యంతో నిండిపోతుంది. ఆ సభకు కుర్చీలు వేసినవాళ్లు లేరు, హాజరైనవాళ్లూ లేరు.

పేర్లు మార్చడంలో మాత్రం మన పాలకులకు విసుగు లేదు. ఉమ్మడి రాష్ట్రం 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం చేసింది. కేంద్రం విద్యాహక్కు గురించి చట్టం చేయడానికి పదకొండేళ్ల ముందే ఊరివాళ్లు ‘విద్యా కమిటీ’ మాట విన్నారు. తర్వాత యాజమాన్య కమిటీలయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్నాళ్లు పేరెంట్స్ కమిటీలయ్యాయి. బోర్డు మీద రంగు మారింది, బీరువా తాళం చెవి చేయి మారలేదు. రెండేళ్ల పదవీకాలమని నిబంధన ఉన్నా, ఆంధ్రప్రదేశ్‌లో 2021 సెప్టెంబరులో ఎన్నికైన కమిటీల స్థానంలో కొత్తవి రావడానికి 2024 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. తెలంగాణ ఇంకా ఘనం. 2019 నవంబరులో ఎన్నికైన కమిటీలనే పొడిగిస్తూ 2024 జనవరి దాకా నెట్టుకొచ్చింది. ఆనాడు మూడో తరగతి చదివే పిల్ల తల్లి కమిటీలో చేరి ఉంటే, ఆ పిల్ల హైస్కూలుకు వెళ్లిపోయాక కూడా తల్లి పేరు ప్రాథమిక బడి గోడ మీద మిగిలింది.

2024 జనవరి ఎన్నికలు ముగిసిన కొద్ది వారాలకే తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. పొదుపు సంఘాల మహిళలకు బడి మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు పనులు అప్పగించారు. యూనిఫాం కుట్టే పని కూడా సంఘాలకే దక్కింది. పని చకచకా జరిగిన చోట్లు ఉన్నాయి, కాదనం. అయితే ఈ కమిటీకి గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు అధ్యక్షత వహిస్తారు. ఆమె బిడ్డ ఆ బడిలో చదవాలన్న షరతు లేదు. చట్టం పెట్టిన కమిటీ ఒక గదిలో, ఉత్తర్వు పెట్టిన కమిటీ మరో గదిలో, డబ్బు రెండో గదిలో! తల్లులకు పెద్దపీట వేస్తున్నామని చెబుతూ, తల్లిదండ్రులు ఎన్నుకున్న కమిటీని పక్కకు జరపడం సరికాదు. రెండింటినీ కలిపి, ఎన్నికైన తల్లి చేతికి పగ్గం ఇవ్వడానికి అడ్డేమిటో తెలంగాణ ప్రభుత్వం చెప్పాలి.

ఇక డబ్బు సంగతి. సమగ్ర శిక్ష పథకం కింద ముప్పై మందిలోపు పిల్లలున్న బడికి ఏటా 10,000 రూపాయలు, వంద మందిలోపైతే 25,000 రూపాయలు గ్రాంటు. అందులో పదో వంతు శుభ్రతకు పోవాలి. చాక్‌పీసులు, రిజిస్టర్లు, పగిలిన కుళాయి, కాలిపోయిన ఫ్యాను అన్నీ అందులోంచే. ఇంత చిన్న మొత్తం మీద కూడా కమిటీకి నిజమైన పట్టు లేదు. ఇప్పుడు ఖాతాలో నగదు కనిపించదు, ఖర్చు పెట్టుకునే ‘లిమిట్’ మాత్రమే కనిపిస్తుంది. అది ఆలస్యంగా వచ్చి, మార్చి ఆఖరులోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం పథకం కింద తల్లులకు ఇచ్చే 15,000 రూపాయల్లోంచి బడుల నిర్వహణకని 2,000 మినహాయిస్తున్నారు. దానికి ముందున్న అమ్మఒడి పథకం రోజుల్లోనూ మరుగుదొడ్ల పేరిట మినహాయింపు ఉండేది. రంగు ఏదైనా కోత కోతే. తన ఖాతాకు రావాల్సిన డబ్బుతో ఏ దొడ్డికి తలుపు వేశారో తెలుసుకునే హక్కు ఆ తల్లికి ఉంది. ఆ లెక్క బడి గోడ మీద రాయని ప్రభుత్వానికి కోత పెట్టే అర్హత లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో కమిటీల మాట నిజంగా వినాల్సిన రోజు ఒకటి వచ్చింది, 2022లో. మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలిస్తూ 117 నంబరు జీవో వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లలు పెద్ద రోడ్డు దాటి పోవాలా అని తల్లులు బడి గేట్ల ముందు బైఠాయించారు. కమిటీని కూర్చోబెట్టి అడిగి ఉంటే ఏ దారిలో వాగు ఉందో, ఏ మలుపులో లారీలు ఆగవో చెప్పేవారు. అడగలేదు. ఆ జీవో తర్వాత 2025లో రద్దయింది. ఈ మధ్యలో పిల్లల్ని ప్రైవేటు బడుల వ్యాను ఎక్కించిన తల్లిదండ్రులు మళ్లీ వెనక్కి వస్తారని ఎవరు పూచీ ఇస్తారు?

2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న ఆంధ్రప్రదేశ్ మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరిపింది. కూలి మానుకుని వచ్చిన తండ్రులు పిల్లల ప్రోగ్రెస్ కార్డులు చేతిలోకి తీసుకున్నారు. మంచిదే. పిల్లల హాజరు, నేర్చుకునే తీరు గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడటం ఉపాధ్యాయుల విధి అని చట్టం 24వ సెక్షన్‌లో రాసింది. పండగలా జరిపే ఒక రోజు, ముగ్గుల పోటీలు, వేదిక మీద మంత్రులు ఆ విధికి బదులు కావు.

ఉపాధ్యాయులను కూడా వదిలిపెట్టలేం. ‘చదువురాని వాళ్లకు బడి గురించి ఏం తెలుసు’ అన్న మాట స్టాఫ్‌రూముల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. మధ్యాహ్నం పప్పులో నీళ్లెన్నో, గుడ్డు వారంలో ఏ రోజున మాయమైందో, నాలుగో తరగతికి వచ్చినా పిల్ల ఒత్తులు చదవగలుగుతోందో లేదో తల్లికి తెలుస్తుంది. అది తెలిసినవాళ్లు ప్రశ్నిస్తారనే కమిటీ సమావేశం పనిదినం పదకొండు గంటలకు పెడతారు. అలాగని మాస్టారు బాధ చిన్నదేమీ కాదు. ఒక్కరే ఉపాధ్యాయుడున్న బడిలో ఐదు తరగతులకు పాఠం చెప్పి, మరుగుదొడ్డి ఫొటో, భోజనం ఫొటో, హాజరు యాప్ అన్నీ ఆయనే చూసుకోవాలి. ఆ బరువు దించకుండా కమిటీతో కూర్చోమని ఆయనకు చెప్పే నైతిక హక్కు పైవాళ్లకు లేదు.

ఊళ్లో సాయం చేసేవాళ్లకు కొదవ లేదు. రిటైరైన మాస్టారు సాయంత్రం అరుగు మీద పిల్లలకు ఎక్కాలు చెప్తారు, డిగ్రీ చదివిన కోడలు చదువులో వెనకబడ్డ పిల్లలతో కథలు చదివిస్తుంది, అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థి బెంచీలు పంపిస్తాడు. కేంద్రం విద్యాంజలి పేరిట ఇలాంటివారికి 2021లో ఒక వేదిక కూడా పెట్టింది. అయితే సాయం చేసే చేతులు కమిటీ చెప్పిన పనికి కదలాలి. దాత తనకు తోచిన గోడకు తన పేరు రాయించుకోవడానికి రావడం, ఖాళీగా ఉన్న టీచరు పోస్టుకు బదులు వాలంటీరును నిలబెట్టి నెలనెలా ప్రభుత్వం డబ్బు మిగుల్చుకోవడం రెండూ ఒకే జాతి మోసం. పోస్టు భర్తీ చేయడం ప్రభుత్వ బాధ్యత. ఊరి ఔదార్యాన్ని దానికి అడ్డుపెట్టకూడదు.

కాబట్టి రెండు విద్యాశాఖలూ చేయాల్సింది స్పష్టంగా చెబుతున్నాం. కమిటీ సమావేశం నెలకొకసారి, పొలం పని ముగిసిన తర్వాతో ఆదివారమో జరగాలి. చర్చించిన తర్వాతే, అందరి ముందూ చదివి వినిపించిన తర్వాతే సంతకం. గ్రాంటు జూన్‌లో బడి తెరిచేనాటికి రావాలి, చైర్మన్ ఫోనుకు కూడా మెసేజ్ పోవాలి. ఖర్చు లెక్క గేటు పక్కన పెద్దక్షరాల్లో రాయాలి. బడిని మూయాలన్నా కలపాలన్నా కమిటీ సభలో చర్చ జరగనిదే ఉత్తర్వు రాకూడదు. పదవీకాలం ముగిసిన నెలలోపు ఎన్నిక జరగాలి, ఆ రోజున పార్టీ కండువాలు గేటు బయటే ఉండాలి. భర్త వచ్చి భార్య కుర్చీలో కూర్చుంటే హెడ్మాస్టరు సమావేశం వాయిదా వేయాలి.

ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు, విద్యాశాఖల సర్క్యులర్ చాలు. ఆ సర్క్యులర్ వచ్చేదాకా మండల విద్యాధికారులు హెడ్మాస్టర్లను తీర్మానాల ఫొటోలు అడగడం మానుకోవాలి.