పూతరేకు విరగకూడదు... టైరు నేల వదలకూడదు!

రాజమండ్రి నుంచి ద్వారపూడి మీదుగా కాకినాడ వైపు వెళ్లే కాలవ రోడ్డు. ఓ పక్క నిండుగా పారే నీళ్లు. ఇంకోపక్క పచ్చటి చేలు. ఎదురుగా ధాన్యం లారీ. కాస్త పక్కకి తప్పుకుంటే తారు అంచు. అంచు దిగితే గతుకులు. గతుకులు దాటితే... కాలవ!

సరిగ్గా ఆ అంచు మీద చిన్నకారు ముందు చక్రం ఎగిరి, ఒక్క క్షణం నేలను వదిలేసిందనుకోండి. ఆ క్షణంలో స్టీరింగ్ తిప్పినా లాభం లేదు, బ్రేకు తొక్కినా లాభం లేదు. గాల్లో ఉన్న చక్రం ఎవరి మాటా వినదు.

డెల్టాలో కారు సస్పెన్షన్ గురించి మాట్లాడుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. సస్పెన్షన్ అంటే నడుం నొప్పి రాకుండా వేసిన పరుపు అనుకుంటారు చాలామంది. కుర్రకారైతే కారుని కిందికి దించి, రాయిలా గట్టిపరిచే సరంజామా అనుకుంటారు. రెండూ సగం నిజాలే. నాలుగు టైర్లనీ నేలకి అంటిపెట్టుకుని ఉంచడం దాని అసలు ఉద్యోగం!

ఇంటింటి గొడవ

'నాన్నా, స్ప్రింగులు మార్పించి కారుని కాస్త కిందికి దింపిద్దాం.'

'ముందు మీ అమ్మ నడుం సంగతి చూడరా!'

ఇంట్లో ఒక చిన్నకారూ, కార్ల పిచ్చి ఉన్న అబ్బాయీ ఉంటే ఈ మాటలు ఎప్పుడో ఒకప్పుడు వినపడాల్సిందే. అబ్బాయికి ఆ ముచ్చట పుట్టించేది ఆటోక్రాస్. ఖాళీ మైదానంలో కోన్‌లు పెట్టి మెలికల దారి గీస్తారు. సాధారణంగా ఒకసారికి ఒక్క కారే బరిలోకి దిగుతుంది. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. కోన్‌ని తాకితే కొన్ని సెకన్ల జరిమానా. అమెరికాలో ఇవి ఎక్కువగా విశాలమైన పార్కింగ్ స్థలాల్లో జరిగితే, మన దేశంలో మట్టి ట్రాకుల మీద జరిగేవే ఎక్కువ. మోటారు క్రీడల్ని పర్యవేక్షించే ఎఫ్ఎంఎస్‌సీఐ గుర్తింపున్న పోటీల్లో హెల్మెట్, సీటు బెల్టు, వాహన తనిఖీ తప్పనిసరి.

ఈ ఆటకి కోట్లు పోసి కారు కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్నదే చాలు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 ఇంజినునే తీసుకుని కోయంబత్తూరుకి చెందిన కరివర్ధన్ 'ఫార్ములా మారుతి' రేసు కారు తయారుచేశారు. ఆ కారుతోనే పందేల్లోకి అడుగుపెట్టిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడయ్యారు. మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. చూసిన పిల్లలకి ఓసారి చెయ్యి తిప్పాలనిపించదూ!

అయితే ఒక్క చిక్కుంది. గోదావరి జిల్లాల కుర్రాడు చెన్నై దగ్గరి రేస్ ట్రాకుకి వెళ్లాలంటే సుమారు 600 కిలోమీటర్లు. ఆ దూరం వెళ్లాల్సిందీ అదే కారు, తిరిగి రావాల్సిందీ అదే కారు. వచ్చాక సోమవారం పొద్దున్నే పిల్లల్ని బడిలో దింపాల్సిందీ అదే! కడియం నర్సరీ కుండీలు, బియ్యం బస్తా, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె... అన్నీ మోయాల్సిందీ అదే. మరి రెండు పనులకీ ఒకే సస్పెన్షన్ కుదురుతుందా?

కుదురుతుంది. వరస తెలియాలి, అంతే!

స్ప్రింగ్ మోస్తుంది... షాకబ్జార్బర్ ఆపుతుంది

ముందుగా ఇద్దరు పనివాళ్ల సంగతి తెలుసుకోవాలి. కారు బరువుని మోసేది స్ప్రింగు. గతుకు వస్తే నొక్కుకుని, దాటాక విప్పుకుంటుంది. వదిలేస్తే ఊయలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడుకి కళ్లెం వేసేది షాకబ్జార్బర్. లోపలున్న నూనె సన్నటి రంధ్రాల గుండా దూరేటప్పుడు పుట్టే నిరోధమే ఆ కళ్లెం. ఊగే శక్తి వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది.

మామూలు ఇంటి కారు సెకనుకి 1 నుంచి 1.5 సార్లు ఊగేలా స్ప్రింగులు ఎంచుతారు. పోటీ కార్లలో ఇది 2 దాటుతుంది. ఈ వేగం రెట్టింపు కావాలంటే స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిదవ్వాలి. పాత షాకబ్జార్బర్‌కి అంత గట్టి స్ప్రింగుని అదుపు చేసే సత్తా ఉండదు. ఫలితం... కారు బంతిలా ఎగురుతుంది.

నున్నటి తారు ట్రాకు మీదైతే గట్టి స్ప్రింగు మేలే. కానీ మట్టి ట్రాకు నున్నగా ఉండదు. డెల్టా రోడ్డూ అంతే. ఇక్కడి బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. పైనున్న తారు అలలు తిరుగుతుంది. ఇలాంటి చోట చక్రం కిందికీ పైకీ ధారాళంగా కదలాలి. ర్యాలీ కార్లని చూడండి. మట్టిదారిలో పరిగెత్తే కారు నేలకి అతుక్కున్నట్టు ఉండదు, ఎత్తుగా ఉంటుంది. అంటే మట్టి మీది ఆటోక్రాస్‌కీ, అమ్మ నడుముకీ కావాల్సింది ఒకటే... చక్రానికి చాలినంత కదలిక, ఆ కదలికకి మంచి కళ్లెం. తండ్రీకొడుకుల గొడవ సగం తీరినట్టే!

ముందు ఉన్నది బాగుచేయండి

కొత్త సామాను కొనేముందు పాతదాని ఆరోగ్యం చూడాలి. ఏళ్ల తరబడి తిరిగిన కారుకి అసలైన అప్‌గ్రేడ్ ఏమిటంటే అది మళ్లీ కొత్తదానిలా నిలబడటమే.

కారు ఒక మూలని గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి ఒకసారికే కుదురుకుంటే ఫర్వాలేదు. రెండు మూడుసార్లు తలూపితే షాకబ్జార్బర్ పని అయిపోవచ్చిందన్నమాట. దాని ఒంటిమీద నూనె చెమ్మ పట్టి, దుమ్ము అంటుకుని ఉందేమో చూడండి. టైరుని చేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తగులుతున్నా అనుమానించాల్సిందే.

ఇంకో పరీక్ష రాజమండ్రి వాళ్లకి ఉచితం! 1974లో మొదలైన రోడ్డు కమ్ రైలు వంతెన నాలుగు కిలోమీటర్ల పైమాటే. నిదానంగా వెళ్తూ అతుకుల దగ్గర చెవి ఒగ్గండి. 'టప్' అని ఒక్క చప్పుడుతో సరిపెడితే మంచిదే. 'టకటకా' అని ఇనుము కొట్టుకుంటే లింక్ రాడ్లో, లోయర్ ఆర్మ్ బుష్‌లో, బాల్ జాయింటో అరిగిందని అర్థం. రబ్బరు బుష్ ఎండి పగిలితే చక్రం ఎటు చూడాలో అటు చూడదు. ఇది వదిలేసి ఖరీదైన స్ప్రింగులు వేయించడం, పునాది కుంగిన ఇంటికి రంగులేయించడం లాంటిదే.

షాకబ్జార్బర్లు మార్చేటప్పుడు ముందు రెండూ కలిపి, వెనక రెండూ కలిపి మార్చాలి. ఒకటే మారిస్తే కారు కుడిఎడమలకి తేడాగా స్పందిస్తుంది. ముందు వాటితోపాటు పైన ఉండే మౌంటు, బేరింగు, లోపలి బంప్ స్టాప్ రబ్బరు కూడా చూసుకోవాలి. ఎలాగూ ఊడదీస్తారు కాబట్టి కూలీ కలిసొస్తుంది.

స్ప్రింగు కోయిస్తే...

కారుని కిందికి దించడానికి అడ్డదారి ఒకటుంది. స్ప్రింగులో ఒక చుట్టు కోసేయడం! ఖర్చు తక్కువ. ముప్పు ఎక్కువ.

ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది. పొట్టిదవుతుంది కూడా. చక్రం బాగా కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు తన గూట్లోంచి పక్కకి జరిగే ప్రమాదం ఉంది. గ్యాస్ మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు తన పదును పోగొట్టుకుంటుంది.

మన చిన్నకార్ల గ్రౌండ్ క్లియరెన్స్ 160, 170 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అందులో 40 తగ్గించి, అయిదుగుర్ని ఎక్కించి, డిక్కీలో బస్తా వేస్తే ఇంకేం మిగులుతుంది? నిబంధనల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్లలో ఎవరికి వారు వేసుకునే గుట్టలు ఆ లెక్క చూస్తాయా!

ఇంకో తిరకాసూ ఉంది. చిన్నకార్లలో ముందువైపు ఎక్కువగా ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. దీన్ని మరీ దించితే కింది ఆర్మ్‌ల వాలు మారి, మలుపులో కారుని పక్కకి వాల్చే మీట పొడుగవుతుంది. వాలకూడదని దించితే, వాలే గుణమే పెరుగుతుందన్నమాట!

ఇదీ వరస

పాత భాగాలన్నీ సరిచేశాక డబ్బు ఖర్చుపెట్టాల్సిన మొదటిచోటు టైర్లు. నేలని తాకేది అవొక్కటే కదా. కంపెనీ చెప్పిన సైజులో మంచి పట్టున్నవి చాలు. గాలి ఎంతన్నది సాధారణంగా డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో ఉంటుంది. పందెం రోజున టైరు అంచు మీద సుద్దముక్కతో గీతలు గీసి ఓ రౌండు తిప్పి చూస్తారు. సుద్ద మరీ కిందిదాకా చెరిగితే గాలి చాలలేదని లెక్క. పందెం అయ్యాక ఇంటికి బయల్దేరేముందు గాలిని తిరిగి మామూలు లెక్కకి తేవడం మరవకూడదు.

రెండోది వీల్ అలైన్‌మెంట్. ముందు చక్రాలు కాస్త బయటికి చూస్తుంటే మలుపు చురుగ్గా అందుకుంటాయి. కానీ హైవే మీద కారు అటూఇటూ లాగుతుంది, టైర్లు త్వరగా అరుగుతాయి. రోజూ తిరిగే కారుకి కంపెనీ కొలతలే మేలు.

మూడోది నాణ్యమైన షాకబ్జార్బర్లు. అసలు స్ప్రింగుల్ని అలాగే ఉంచి, వాటిని మెరుగ్గా అదుపుచేసేవి ఎంచుకుంటే ఎత్తు తగ్గదు, ఒరుగుడు నిదానిస్తుంది, గతుకు దాటాక కారు వెంటనే కుదురుకుంటుంది. ఇంటి కారు చాలామటుకు ఇక్కడ ఆగిపోవచ్చు.

అందరికన్నా ఆఖరున రావాల్సింది వెనక యాంటీ రోల్ బార్. ముందు చక్రాలు లాగే చిన్నకారు మలుపులో తిన్నగా బయటికి పోవాలని చూస్తుంది. వెనక బార్ గట్టిదైతే ఆ గుణం తగ్గి కారు చురుగ్గా తిరుగుతుంది. కోన్‌ల మధ్య అది వరం. కానీ వానలో, గట్టు మలుపులో, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనకభాగం జారిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో ఇంకెవరెవరు ఆ కారు నడుపుతారో ఆలోచించి నిర్ణయించుకోవాల్సిన సంగతి ఇది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నమూనాకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అరిగిన భాగం తీసి అలాంటిదే వేయించడంలో ఇబ్బంది లేదు. ఎత్తు మార్చడం, వేరే తరహా స్ప్రింగులు బిగించడం లాంటివాటికి ముందుగా రవాణా కార్యాలయంలో అడగాలి. బీమా కంపెనీకీ చెప్పాలి. లేదంటే ప్రమాదం జరిగాక క్లెయిము దగ్గర పేచీ రావచ్చు.

పందేనికి దిగేముందు స్టెప్నీ, జాకీ, డిక్కీలో దొర్లే సామానంతా తీసేయాలి. అయిపోయాక వీల్ నట్లు, లింక్ రాడ్లు ఓసారి చూసుకుని, తీసినవన్నీ తిరిగి సర్దుకునే ఇంటిదారి పట్టాలి. వేగం సరదా మైదానంలోనే తీరిపోవాలి. కాలవగట్టు మీద కోన్‌లుండవు. తాకితే పోయేది సెకన్లూ కావు!

ఇంతకీ సస్పెన్షన్ పని బాగా కుదిరిందో లేదో తెలిసేదెలా? ఏ యంత్రమూ అక్కర్లేదు. ఆత్రేయపురంలో ఓ పూతరేకుల పెట్టె కొని, అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి, పెట్టె ఆవిడ ఒళ్లో పెట్టి ఇంటికి తీసుకురండి. రేకు విరక్కుండా, ఆవిడ ఒక్కసారి కూడా 'నెమ్మదిరా' అనకుండా చేరితే... ఆ కారు ఆదివారం మైదానంలోకి దిగడానికి సిద్ధమైనట్టే!