శిశుపోషణము: పసిబిడ్డకు జున్ను పెట్టు వేళ



చిత్తూరు సీమ పాడికి పేరువడినది. పొట్టిదయ్యు చిక్కని పాలిచ్చు పుంగనూరు ఆవు పుట్టినది యిచ్చటనే. ఆవు ఈనిన యింట జున్ను వండి యిరుగుపొరుగులకు పంచుట మన వాడుక. ఇప్పుడు తిరుపతి అంగళ్లలో పనీరును, పాశ్చాత్యుల చీజును గూడ దొరకుచున్నవి. తెలుగున చీజును సైతము జున్ననియే వ్యవహరించుటచే, ఏది బిడ్డకు మంచిదో, ఏది కాదో తల్లులకు తెలియకున్నది.

మొదటి ఆరు నెలలును తల్లిపాలు చాలును. పిమ్మట అన్నము, పప్పు అలవాటు చేయుచు, కాచిన పాలను నిమ్మరసముతో విరుగగొట్టి చేసిన పనీరును కొంచెము పెట్టవచ్చును. దానిని మెత్తగా చిదిమి అన్నములో కలుపవలెను. ముక్కలుగా నిచ్చిన గొంతున కడ్డుపడును. పనీరులో తేమ హెచ్చు గనుక త్వరగా చెడును. నాడు చేసినది నాడే వాడుడు.

చీజు కొనునపుడు పొట్లముమీద 'పాశ్చరైజు చేసిన పాలు' అని యున్నదేమో చూడుడు. పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో 15 సెకండ్లుంచి వెంటనే చల్లార్చుట అందొక పద్ధతి. అట్టి పాలతో చేసిన చెడ్డారువంటి గట్టి చీజును ఆరు నెలలు దాటిన బిడ్డకు తురిమి చిటికెడు పెట్టవచ్చును. ఉప్పు హెచ్చుగా నుండుటచే అంతకు మించరాదు. బూజుతో పండించిన బ్రీ, కామెంబేరు, నీలిచారల మెత్తని చీజు పసివారికి పెట్టవలదు. వానిలో పెరుగు లిస్టీరియా యను సూక్ష్మజీవి చల్లని పెట్టెలో నుంచినను వృద్ధిపొందును. పచ్చిపాలతో చేసినది ఏదైనను వలదు. పశువులకు గర్భస్రావము కలిగించు బ్రూసెల్లా పచ్చిపాల మూలమునను మనుష్యులకు సోకి, విడువని జ్వరమును, కీళ్లనొప్పులను తెచ్చును.

ఇక మన యింటి జున్ను. ముర్రుపాలను ముందుగా కాచుటకు వీలులేదు, కాచిన గడ్డకట్టును. కావున ఆవిరిమీద ఉడుకుటయే దానికి రక్ష. అంచులు గట్టిపడినను నడుమ పలుచగా నున్న ఉడుకలేదన్న మాట. మామూలు పాలకంటె దానిలో మాంసకృత్తులు అనేక రెట్లు హెచ్చు. దానికి తోడు బెల్లము. బిడ్డకు ఏడాది నిండువరకు జున్ను పెట్టకుండుట మేలు. నిండిన పిదప, నడుమ వరకు బాగుగా ఉడికినదానిని చెంచాడు రుచి చూపవచ్చును. ముర్రుపాలలో మొదటి భాగము దూడదని మరువకుడు.

ఏ పాలపదార్థమైనను తొలిసారి పగటిపూట కొంచెమే పెట్టి చూడుడు. దద్దురులు లేచినను, వాంతి యైనను మాని వైద్యుని కడిగి తెలిసికొనుడు. పెదవులు వాచినను, ఊపిరి కష్టమైనను తక్షణమే ఆసుపత్రికి పోవలెను. ఏడాదిలోపు బిడ్డకు ఆవుపాలను తల్లిపాలకు బదులుగా త్రాగింపరాదు. వానిలో ఇనుము చాలదు, రక్తహీనత కలుగవచ్చును.

ఇంట పెద్దలు ప్రేమతో జున్ను గిన్నె బిడ్డ నోటికి తెచ్చిన కసరుకొనకుడు. "అత్తయ్యా, పుట్టినరోజు కానిండు, అప్పుడు మీ చేతులతోనే పెట్టుదురుగాని" యనుడు. వారి ముచ్చటయు తీరును, బిడ్డకును క్షేమము.