ఎంపిక ఎవరిది? బడి ఎవరిది?



"బడిని ఎంచుకొనే స్వేచ్ఛ" అన్న మాట వినసొంపుగానే ఉన్నది. ఆ స్వేచ్ఛ ఎవరి జేబులో ఉన్నదో గ్రేటర్ నోయిడా చూపుతున్నది. 1991లో అథారిటీ ఏర్పడినది. గ్రామాల పొలాలు సేకరించబడినవి. ఖరీదైన ప్రైవేటు పాఠశాలలు వెలసినవి. అచటి అనేక గ్రామాలలో 2015 నుండి పంచాయతీ ఎన్నికలే లేవు. బడి గోడు వినుటకు ఎన్నికైన గ్రామపెద్ద లేడు!

2025 జూన్ 16న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, పిల్లలు తక్కువగా ఉన్న బడులను పొరుగు బడులతో జతచేయవలసినదిగా ఉత్తరువు చేసినది. ప్రతిఘటన పెరుగగా, కిలోమీటరు దూరం మించితే విలీనం ఉండదని జూలై నెలాఖరున ప్రకటించినది. ప్రజలు ఎదిరించిన తరువాతనే పాలకులు పసివాని నడకను కొలిచినారు!

ప్రైవేటు బడులలో పేదలకు 25 శాతం సీట్లున్నవి గదా అందురు. మిగిలిన పిల్లలు ఎక్కడికి పోవలెను?

బదిలీలపై తిరుగు మనకు ఇది పరాయి సమస్య కాదు. కేంద్రీయ విద్యాలయంలో సీటు దొరకనినాడు జీతము ఏమగునో మనకు తెలియును. ప్రభుత్వ జీతగాండ్ర పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోనే చదువునట్లు చూడవలెనని 2015 ఆగస్టు 18న అలహాబాదు హైకోర్టు ఆదేశించినది. అది కాగితముపైననే మిగిలినది.

విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల స్థానాలు తల్లిదండ్రులకిచ్చినది. వారి సమ్మతి లేనిదే ఏ బడినీ కదల్చరాదు! ఇదే మన కోర్కె.