మాట వస్తున్న టీవీని పారేయకండి

విజయవాడ, కృష్ణా డెల్టా వాసులకు విజ్ఞప్తి

టీవీలో మాట వినిపిస్తోంది, బొమ్మ రావడం లేదు. సర్వీసు మనిషి చూసి "ప్యానెల్ పోయిందండీ, ఆ డబ్బుతో కొత్తదే వస్తుంది" అంటాడు. సరే అనే ముందు గదిలో లైట్లు ఆర్పి, టీవీ వేసి, తెర దగ్గరగా టార్చిలైటు ఏటవాలుగా కొట్టి చూడండి. లీలగానైనా బొమ్మ కదులుతుంటే ప్యానెల్ బాగానే ఉంది. ఆరిపోయింది దాని వెనక వెలుగు, అంటే బ్యాక్‌లైట్.

ఎల్‌ఈడీ టీవీ అని మనం కొనేవాటిలో ఎక్కువ భాగం ఎల్‌సీడీ తెరలే. ఆ తెరకు సొంత వెలుగు లేదు. చాలా సెట్లలో వెనక సన్నటి పట్టీల మీద ఎల్‌ఈడీలు, ఒక్కోదానిపై చిన్న ప్లాస్టిక్ లెన్సు, ఆపైన వెలుగును సమంగా పరిచే తెల్ల షీట్లు, వీటన్నిటికీ ముందు ప్యానెల్. ఎల్‌ఈడీలను సిరీస్‌లో కలుపుతారు కనుక ఒక్కటి తెగినా వరస మొత్తం ఆరిపోతుంది. లెన్సు ఊడితే తెర మీద తెల్లమచ్చలు పడతాయి. చాలావరకు పట్టీలు మారిస్తే చాలు, వాటి ఖరీదు ప్యానెల్ ఖరీదులో చిన్న వంతు. అయితే ఇది చెయ్యి తిరిగిన మెకానిక్ చేయాల్సిన పని. ప్యానెల్ అంచున ఉండే పల్చటి రిబ్బన్ ఒకటి చిరిగినా ఆ ప్యానెల్ ఇక దక్కదు. ఇంట్లో మాత్రం విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా సప్లై బోర్డులో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

లారీ ఛాసిస్ మీద బాడీ కట్టి రోడ్డెక్కించే ఆటోనగర్ ఉన్న ఊరు మనది. అక్కడ విడిభాగం దొరుకుతుంది కాబట్టే పని సాగుతోంది. కానీ టీవీ మెకానిక్‌కు కంపెనీ పట్టీ దొరకడం గగనం. ప్యానెల్ పగిలిన పాత సెట్లలోంచి తీసినవో, పేరులేని సరుకో వేయాల్సి వస్తోంది. అవి త్వరగా మాడిపోతే చెడ్డపేరు ఆయనకే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఇళ్లలోని ఎలక్ట్రానిక్ సామాన్ల మరమ్మతుకు ప్రభుత్వమే పూనుకుంది. వరద వస్తేనే మరమ్మతు గుర్తుకు రావాలా?

కేంద్రం 2022 డిసెంబరులో తెరిచిన రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌లో గృహోపకరణాలూ ఉన్నాయి. కానీ విడిభాగాలు అమ్మి తీరాలన్న చట్టం లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి టీవీ పవర్ సప్లై వంటి భాగాలను, ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా ఏడేళ్లు మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలి. మనకూ అలాంటి చట్టం కావాలి, అందులో బ్యాక్‌లైట్ పట్టీలను పేరుపెట్టి చేర్చాలి. పట్టీ ధర మోడల్ వారీగా బయటపెట్టాలి. "ప్యానెల్ పోయింది" అనే సర్వీస్ సెంటర్, ఏ పరీక్ష చేసి తేల్చిందో కాగితం మీద రాసివ్వాలి. ఐటీఐల్లో ఈ పని నేర్పాలి.

ఈలోగా సర్వీస్ సెంటర్ అలా రాసివ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ప్రతి సోమవారం జిల్లా కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ డిమాండ్లతో అర్జీ ఇద్దాం. రిపేరు బిల్లు గానీ, మెకానిక్ తిరిగి ఇచ్చిన మాడిన పట్టీ గానీ ఉంటే వెంట తెచ్చుకోండి.