స్తంభం ఎక్కినవాడూ, ఫోన్ ఎత్తేవాడూ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కరెంటు లైన్లు చాలాచోట్ల కొబ్బరి, జీడి తోటల నడుమ నుంచే పోతాయి. ఒక్క మట్ట విరిగి తీగ మీద పడినా సరఫరా ఆగుతుంది, ఎవరో ఒకరు స్తంభం ఎక్కాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇతర జిల్లాల నుంచి సిబ్బంది బృందాలుగా వచ్చి పడిపోయిన లైన్లను నిలబెట్టారు. అప్పుడు అందరి చూపూ వాళ్ల మీదే. మామూలు రోజుల్లో ఆ పని చేసేది ఊరి లైన్‌మనో, 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో చేరిన ఎనర్జీ అసిస్టెంటో. చాలాసార్లు ఒక్కడే. ఇలా ఒంటరిగా పనిచేసే వాళ్లకు శిక్షణ అనగానే మనకు తెలిసిన పద్ధతి, వాళ్లను కూర్చోబెట్టి గ్లౌజులు వేసుకో, బెల్టు కట్టుకో అని చెప్పడం. అది అవసరమే, కానీ సగం శిక్షణే. మిగతా సగం వాళ్లతో ఫోన్లో మాట్లాడేవాళ్లకు ఇవ్వాలి. ఆ సగం మన దగ్గర దాదాపు లేదు.

లైన్ మీద చెయ్యి వేసే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ, అంటే సరఫరా ఆపినట్టు ఇచ్చే ‘లైన్ క్లియర్’, తీసుకోవాలి. ఆపాల్సిన ఫీడర్ ఏదో ఇద్దరికీ ఒకేలా అర్థం కావాలి. ఆపరేటర్ సరఫరా ఆపి, రిజిస్టర్‌లో రాసి, ఎల్‌సీ ఇవ్వాలి. ఇటు లైన్‌మన్ టెస్టర్‌తో చూసుకుని, పనిచేసే చోటుకు రెండు వైపులా తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాలి. రాడ్లు ఎందుకంటే, సబ్‌స్టేషన్‌లో ఆపేసినా, ఎవరి ఇంట్లోనో జనరేటర్ సరిగా వేరు చేయకుండా నడిపితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి లైన్‌లోకి ఎక్కుతుంది. తుఫాను తర్వాత నీటి మోటార్లను జనరేటర్లతో నడుపుకునే ఊళ్లలో ఈ భయం మరీ ఎక్కువ. ఎల్‌సీ నుంచి రాడ్ల దాకా ఈ వరస ఎక్కడ తెగుతుందో చూడండి. ఎల్‌సీ నోటిమాటగా ఇచ్చినప్పుడు, ఒక ఫీడర్ అనుకుని ఇంకొకటి ఆపినప్పుడు, షిఫ్టు మారేవేళ దిగిపోయే ఆపరేటర్ వచ్చేవాడికి చెప్పకుండా వెళ్లినప్పుడు. రాడ్లు తగిలించడం లైన్‌మన్ చేతిలో ఉంది. ఈ మూడూ అతని చేతిలో లేవు.

రైలు పట్టాల మీదా ఇదే కథ. పలాస హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ఉన్న స్టేషన్. పట్టాలను రోజూ చూసుకునే కీమన్ తన బీటులో స్పానరు, సుత్తి, జెండాలు మోసుకుంటూ ఒంటరిగా నడుస్తాడు. వంగి క్లిప్పు సరిచేస్తున్నప్పుడు పక్క లైన్లో పోయే గూడ్సు రొద, అతని లైన్లో వచ్చే బండి చప్పుడును మింగేస్తుంది. రైల్వే భద్రతపై కకోద్కర్ కమిటీ 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2007–08 నుంచి 2011 అక్టోబర్ వరకు విధుల్లో సుమారు 1,600 మంది రైల్వే సిబ్బంది చనిపోయారు, 8,700 మంది గాయపడ్డారు. రైల్వేలో తెచ్చిన ‘రక్షక్’ పరికరం బండి వస్తోందని ముందుగా హెచ్చరిస్తుంది. చెవులు రిక్కించుకుని ఉండమని కీమన్‌కు ఎంత చెప్పినా చాలదని, అతని తరఫున కనిపెట్టి ఉండేది ఇంకొకటి కావాలని ఒప్పుకున్నట్టే కదా.

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, తోటల్లో కాపలా ఉండేవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. జీడి తోటలోకి ఎవరు, ఎప్పుడు వెళ్లారో, ఎప్పటికి తిరిగి రావాలో తెలిసిన మనిషి ఊళ్లో ఒకరుండాలి.

మనుషులే చాలనప్పుడు ప్రతి పనికీ ఇద్దరిని ఎక్కడి నుంచి తేవాలని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ మార్గదర్శకాలు కూడా ఒంటరి పనిని నిషేధించలేదు. కాకపోతే అలాంటివాళ్లకు శిక్షణ ఇవ్వడం, వాళ్లతో మాట్లాడుతూ ఉండడం, ఏదైనా జరిగితే కదలడం యజమాని బాధ్యత అన్నాయి. చీకటి పడ్డాక, గాలివాన తర్వాత 11 కేవీ లైన్ మీద పనికి మాత్రం ఇద్దరు ఉండాల్సిందే. అక్కడ బేరం వద్దు. మిగతా పనులకు కావలసింది రెండో మనిషి కాదు, గడియారం చూసే మనిషి. అందరి దగ్గరా సెల్‌ఫోన్ ఉందిగా అనేవాళ్లు ఒకటి ఆలోచించాలి. షాక్ తగిలినవాడు ఫోన్ చేయలేడు. అతను చెప్పిన టైముకు ఫోన్ రాకపోతే ఎవరు బయల్దేరాలి, సరఫరా ఆపినట్టు ఎవరు నిర్ధారించాలి, అంబులెన్సు ఏ దారిన రావాలి అన్నది ముందే అనుకుని ఉంటేనే ఫోన్ పనికొస్తుంది.

అనుభవమే గురువు, ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నవాళ్లకు కొత్తగా ఏం నేర్పుతారు అనేది ఇంకో మాట. అనుభవం నేర్పేదేదీ తక్కువ కాదు. కానీ రాడ్లు తగిలించకుండా వందసార్లు దిగివచ్చినవాడికి అది నేర్పేది రాడ్లు అక్కర్లేదనే. పైగా తొందర అతనొక్కడిదే కాదు. కింద ఊరంతా ఎదురుచూస్తుంటుంది, సర్పంచ్ ఫోన్, వెంటనే పై అధికారి ఫోన్. ఇంకా ఎంతసేపని అడిగే అధికారికి కూడా శిక్షణ కావాలి. రాడ్లు లేవు, ఎక్కను అన్న లైన్‌మన్‌కు మెమో ఇవ్వకూడదని ఆ అధికారికి నేర్పాలి.

ఈ తీరానికి పెద్ద తుఫాన్లు అక్టోబర్‌లోనే ఎక్కువగా వచ్చాయి, 2013 ఫైలిన్, 2018 తిత్లీ. కాబట్టి ఏటా సెప్టెంబర్‌లోనే పలాస, టెక్కలి, సోంపేట సబ్‌స్టేషన్లలో విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఒక కసరత్తు చేయాలి. డ్యూటీ వేళలోనే, కాంట్రాక్టు కూలీలను కలుపుకుని. ఆపరేటర్‌కు ముందే చెప్పకుండా, ఒక లైన్‌మన్‌తో చెప్పిన టైముకు ఫోన్ చేయవద్దనాలి. ఆపరేటర్‌కు అనుమానం ఎన్ని నిమిషాలకు వచ్చింది, స్తంభం దగ్గరికి మనిషి ఎప్పటికి చేరాడు, పైన బెల్టుకు వేలాడుతున్న మనిషిని దించడం, గుండె ఆగితే సీపీఆర్ చేయడం ఎవరికి వచ్చు అన్నవి రాసుకోవాలి. ఆ కాగితం మీద అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) సంతకంతో పాటు ఆ లైన్‌మన్ సంతకం కూడా ఉండాలి.