వెనక పందిరి ఎందుకు మసకబారలేదు?

పెళ్ళిలో ఫోటోలు తీసే ఆయన పెద్ద కెమేరాతో పెళ్ళికూతురి ఫోటో తీస్తే, ఆమె ముఖం ఒక్కటే స్పష్టంగా ఉండి, వెనక పందిరీ జనమూ మంచులో కలిసిపోయినట్టు మసకగా కనిపిస్తారు. మీరు పక్కనే నిలబడి, అంత మేరా పట్టేలా, సెల్‌ఫోనుతో తీసి చూడండి. పెళ్ళికూతురూ స్పష్టమే, పందిరి గుంజా స్పష్టమే, విస్తరి ముందు కూర్చున్న బాబాయీ స్పష్టమే! ఫోను మంచిది కాదనుకునేరు. అది దాని లోపం కాదు, దాని కొలత.

కెమేరాలో కటకానికి వెనక, బొమ్మ పడే పలక ఒకటి ఉంటుంది. పూర్వం అక్కడ ఫిల్ము ఉండేది, ఇప్పుడు సెన్సారు ఉంటున్నది. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో, లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్ము మీద 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు బొమ్మ పడే చిన్న కెమేరా చేశాడు. అది 1925లో లైకా అనే పేరుతో బజారుకు వచ్చింది. ఈనాటికీ చాలా పెద్ద కెమేరాల సెన్సారుకు అదే కొలత. ఫోనులోని సెన్సారు పొడవు 6 మి.మీ. అనుకోండి. అంటే ఆరో వంతు!

ఒక అట్టముక్కలో చిన్న కిటికీ కోసి, పాత ఫోటో మీద పెట్టండి. నడిమి ముక్క మాత్రమే కనిపిస్తుంది గదా? పెద్ద కెమేరా కటకాన్ని ఈ చిన్న సెన్సారు ముందు పెట్టినా అంతే, పెళ్ళికూతురి ముక్కు మాత్రమే పడుతుంది! అందుకని ఫోనులో, బొమ్మను ఆరో వంతుకు కుదించే పొట్టి కటకం పెట్టారు. పెద్ద కెమేరా కటకం నాభ్యంతరం 50 మి.మీ. అయితే, దీనిది సుమారు 8 మి.మీ.

అసలు కిటుకు ఇక్కడే ఉన్నది. రెంటి మీదా ఎఫ్ 2 అనే రాసి ఉండవచ్చు. అంటే, వెలుగు దూరే కన్నం నాభ్యంతరంలో సగం వెడల్పు అన్నమాట. పెద్దదానికి 25 మి.మీ., ఇంచుమించు అయిదు రూపాయల బిళ్ళంత. ఫోనుకు 4 మి.మీ., ఒక కందిగింజంత!

బాబాయి చొక్కా గుండీ నుంచి వచ్చే వెలుగు ఆ కన్నం నిండా దూరి, గరాటులాగా సన్నబడుతూ పోతుంది. కెమేరాను పెళ్ళికూతురికి సరిచేశారు కనుక, ఆ గరాటు మొన సెన్సారుకు కాస్త ముందే ఏర్పడి, ఆ తరువాత వెలుగు మళ్ళీ విచ్చుకుంటుంది. కన్నం పెద్దదైతే గరాటు లావు, గుండీ మసక బిళ్ళయి పరుచుకుంటుంది. కన్నం చిన్నదైతే గరాటు సన్నం, గుండీ గుండీలాగే ఉంటుంది.

నమ్మకం లేకపోతే పెద్దవాళ్ళ చేత అట్టకు గుండుసూదితో బెజ్జం పొడిపించుకోండి. ఒక కన్ను మూసి, పుస్తకాన్ని అక్షరాలు అలుక్కుపోయేంత దగ్గరకు తెచ్చుకోండి. ఇప్పుడు కంటికి ఆనించిన బెజ్జంలోంచి చూడండి. కాస్త చీకటిగానైనా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

“ఫోనులో కూడా వెనక మసక వస్తున్నదే!” అంటారేమో. పోర్ట్రెయిట్ అనే మీట నొక్కితే వస్తుంది. కాని అది చాలావరకు కటకం పని కాదు. ఎవరు దగ్గర, ఏది దూరం అని ఫోను లెక్కకట్టి, దూరపువాటిని ఆ తరువాత అలికేస్తుంది. అటువంటి ఫోటో దొరికితే, ముఖం కాక, చెదిరిన వెంట్రుకల చివళ్ళూ, చెవి జూకా పక్క సందూ చూడండి. లెక్క తప్పితే తరుచు అక్కడే తప్పుతుంది.